మూసీ గడ్డిలో చక్రాలు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. గొప్పకు చెప్పడం లేదు. ఆ ఆషాఢంలో నా కోపానికి ఒక ముసలాయన దొరికాడు.

మా ఇల్లు ధూల్‌పేటలో. పురానాపూల్ వంతెనకు దిగువన మూసీ ఒడ్డున కౌలుకు పట్టిన పచ్చగడ్డి మడి మాది. నేనూ తమ్ముడూ రోజూ గడ్డి కోసి, మోపులు కట్టి బర్రెల తబేలాలకు వేసేవాళ్లం. వానలకు గడ్డి నడుము దాటి పెరిగింది. ఒక పొద్దున వెళ్లేసరికి మడి నడుమ పారే కాలువ అంచున గడ్డి గుండ్రంగా పడిపోయి ఉంది. రెండు ఆటోలు పట్టేంత జాగా. గడ్డంతా ఒకే వైపు తిరిగి పడుకుంది. లోపలికి మనిషి నడిచిన జాడ లేదు. మూడో రోజుకు పక్కనే ఇంకో చక్రం.

మా వీధిలో ఫోన్లు బాగుచేసే అతను నాకొక వీడియో పంపాడు. ఎక్కడో తెల్లవాళ్ల గోధుమ చేలలో ఇలాంటి చక్రాలే. ఆకాశం నుంచి పళ్లెంలాంటిది దిగుతుందని ఒకడు, భూమి లోపలి శక్తి పైకి తన్నుతుందని ఒకడు, సుడిగాలి అని ఇంకొకడు. తాళ్లూ చెక్కలూ పట్టుకొని మేమే తొక్కామని నవ్వుతూ చెప్పినవాళ్లు కూడా ఆఖర్న ఉన్నారు. అంతదాకా నేను చూడలేదు, చూసింది చాలా రోజుల తర్వాత. ఈలోగా బస్తీ కుర్రకారు సెల్ఫీల కోసం మడిలోకి దిగి, మిగిలిన గడ్డిని కూడా తొక్కి పెట్టారు. వాళ్లను కొడవలి చూపించి తరిమాను.

మా మేనత్తకు పళ్లెం కథ నచ్చలేదు.

"పైనుంచి వచ్చెటోళ్లకు మూసీ కంపే దొరికిందా? గది బాణామతి. ఎవడో మన కడుపు మీద కొట్టనీకి చేస్తున్నడు" అంది.

ఆ వారంలోనే ఒక తబేలాలో బర్రె చచ్చింది. "మీ గడ్డి నకో అక్కా, ఫికర్ అయితున్నది" అని మోపు వెనక్కి పంపాడు యజమాని. మిగతా తబేలాలూ అదే మాట. కోసిన మోపులు గట్టు మీదే కుళ్లాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరినో ఒకరిని కొట్టాలి, అంతే.

కాలువ గట్ల మీద పొన్నగంటి కూర ఏరుకుని వీధుల్లో అమ్ముకునే ముసలాయన ఒకడుండేవాడు. ఏళ్లుగా మా మడిలోకి వస్తున్నవాడే, తాతా అని పిలిచేదాన్ని. ఒక ఉదయం నేనూ మేనత్తా వెళ్లేసరికి చక్రం మధ్యలో వంగి కూర తెంపుతూ కనిపించాడు. మేనత్త అతని తువ్వాల మూట లాగి విప్పింది. రెండు రొట్టెలు, ఉప్పు, ఎండు మిరపకాయలు, ఒక నిమ్మకాయ. అది ఆయన సద్ది. మా కళ్లకు నిమ్మకాయా మిరపకాయలే కనిపించాయి.

మొదటి దెబ్బ నాదే. కొడవలి పిడితో చెవి మీద కొట్టాను. బురదలో పడ్డాడు. కేకలు విని గణపతి బొమ్మలు చేసే షెడ్ల నుంచి పదిమంది వెదురు బొంగులతో వచ్చారు. వీపు మీద, మోకాళ్ల మీద, ఎక్కడ పడితే అక్కడ. చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీద. బాణామతి చేసేవాడి పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని మా పెద్దలు చెప్పగా విన్నాను. "పండ్లు! పండ్లు!" అని ఎవరో అరిచారు. ఒకడు రాయి తెచ్చాడు. ఆయన తలను నా మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో దవడలు కదలకుండా పట్టుకున్నాను. రాయి రెండుసార్లు పడింది. నా కొంగంతా నెత్తురు. రెండో దెబ్బకు పన్ను విరిగిన చప్పుడు నా అరచేతులకు తెలిసింది.

"అక్కా, ఇడ్సిపెట్టు! గది నేనే! నేనే చేసిన!"

తమ్ముడు కాలువ నీళ్లలో పడుతూ లేస్తూ పరుగెత్తి వచ్చాడు. చేతిలో బాపు కొరడా. ఏటా బోనాల ఊరేగింపులో కొరడా తిప్పే పోతరాజు మా తండ్రే; బాపు పోయాక ఆ ఏడాది మొదటిసారి వాడే ఆడాలి. ఒంటికి పసుపు పూసేదాకా కొరడా పట్టింది ఇంటివాళ్లు కూడా చూడకూడదని మా ఇంటి ఆనవాయితీ. అందుకని తెల్లవారుజామున కాలువలోంచే నడిచి వచ్చి, గడ్డి చాటున తిప్పడం నేర్చుకుంటున్నాడు. చక్రాలను జనం వింత చేశాక చెప్పడానికి భయపడ్డాడు. ఇప్పుడు ఏడుస్తూనే కొరడా విసిరి, తన చుట్టూ తాను తిరిగాడు. పచ్చగడ్డి మా కళ్లముందే గుండ్రంగా పడిపోయింది.

రాయి పట్టుకున్నవాడు దాన్ని కాలువలో పారేసి చేతులు కడుక్కున్నాడు. మేనత్త కూడా ఎటో వెళ్లిపోయింది. చూస్తుండగానే గట్టు మీద మేము ముగ్గురమే మిగిలాం.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే "గట్టు మీద జారి పడ్డడు సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

కళ్లలో నెత్తురు నిండి, తాతకు నా తమ్ముడు కొరడా తిప్పడం కనిపించనే లేదు. బల్ల మీద పడుకుని నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మాట గాలిపోతోంది.

"బిడ్డా, నాకు తెల్వకుండనే నాల ఏమన్న ఉన్నదా? గంత మంది ఉత్తగనే కొట్టరు గద. మనుమరాలు నా పక్కలనే పంటది. దాన్ని యాడికన్న పంపియ్యాల్నా?"

బల్ల పక్కన కూర్చున్నాను.

"నీల ఏం లేదు తాతా. గది నా తమ్ముడు కొరడ తిప్పిన జాగ."

"మరి నన్నెందుకు కొట్టిన్రు?"

లేచి డాక్టరు దగ్గరికి వెళ్లాను. "ఆయన జారి పడలేదు సార్. ముందు కొట్టింది నేనే. తలకాయ గూడ నేనే పట్టుకున్న. గట్లనే రాయుండ్రి" అన్నాను. తమ్ముడు నా చెయ్యి లాగుతున్నాడు. డాక్టరు పోలీసులకు ఫోన్ చెయ్యమని నర్సుకు చెప్పాడు.

వాళ్లు వచ్చేలోపు తాతకు నీళ్లు తాగిద్దామని గ్లాసు పట్టుకుని వంగాను. ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.