చక్రం కింద రేగ్గాయ

తిరుమణిలో నాకొక మిత్రుడుండేవాడు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీలకు అరచేతి పొడవున నమూనాలు చేసేవాడు. నూనె డబ్బా రేకుతో తొట్టి, తెగిన చెప్పుల రబ్బరుతో చక్రాలు. వెనక తలుపు గొళ్ళెం తీస్తే అసలు ట్రాలీ తలుపులాగే దబ్బున కిందికి పడాలి. పడకపోతే మళ్ళీ విప్పేవాడు. వల్లూరు, అరసికెరె, రాష్ట్ర సరిహద్దు అవతలి ఊళ్ళలో ఇలాగే చిన్న ట్రాక్టర్లు చేసుకునే సరదా మనుషులంతా ట్రాలీ కోసం ఆయన గడపే తొక్కేవాళ్ళు. ఆయన బాగుందంటే బాగున్నట్టు.

భూమిని సోలారు కరెంటు ప్లాంటుకు కౌలుకిచ్చిన ఏడాదే ఆయన తన పెద్ద ట్రాలీ అమ్మేశాడు. చెనక్కాయ పండించే పొలమే లేనప్పుడు అది వాకిట్లో ఎండడమెందుకన్నాడు. కొన్నాళ్ళకు దాన్ని తలుచుకుంటూ చిన్నది చేశాడు. అలా మొదలైంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకూ నాకూ పడేది కాదు. కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం మీద నేను ఎన్నో సభల్లో నిప్పులు చెరిగినవాణ్ణి. ఈయనేమో బొమ్మ ట్రాలీకి కూడా ఆ తంతు చేసేవాడు. నిమ్మకాయ బదులు రేగ్గాయ పెట్టేవాడు.

"బండి చిన్నది, నిమ్మకాయ పెద్దది. కొలతకు సరిపోవద్దా?" అనేవాడు.

అందుకే రేగ్గాయల కాలం వచ్చేదాకా ఏ ట్రాలీనీ ఇల్లు దాటనిచ్చేవాడు కాదు. ఎండాకాలంలో పూర్తయినది కూడా గూట్లో కూర్చుని చలికాలం కోసం ఎదురుచూడాల్సిందే.

రోడ్డెక్కని బండికి ప్రమాదమేమిటని అడిగాను.

"రోడ్డెక్కదు సరే. నీ మాదిరోళ్ళ దిష్టి తగలకుండా ఉండాల కదప్పా."

దిష్టి అనేదే ఉంటే, ఊరి చుట్టూ ఇన్ని ప్యానెళ్ళు పొద్దస్తమానం సూర్యుణ్ణి రెప్పవేయకుండా చూస్తున్నాయి కదా, సూర్యుడికేమైంది అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, జేబులోంచి ఇంకో రేగ్గాయ తీసి నా చేతిలో పెట్టాడు.

"చక్రానికొకటి, నీకొకటి. తింటా తిట్టు."

ఆ తరువాత ప్రతి ట్రాలీకీ రెండు కాయలు. ఒకటి నలిగేది, ఒకటి నేను తినేవాణ్ణి. వాదన మాత్రం ఎన్నడూ తెగలేదు. పావగడలో నేనొక్కణ్ణే ఉంటాను. సభల్లో నాతో నిలబడినవాళ్ళు పోయారు, ఎదురు నిలిచినవాళ్ళూ పోయారు. నా మాట కొట్టిపారేసే మనిషి కోసమే నేను తిరుమణి బస్సెక్కేవాణ్ణి.

మొన్న వానాకాలంలో ఆయనా పోయాడు. గూట్లో ఒక ట్రాలీ రేగ్గాయల కోసం ఆగివుంది.

చలి మొదలయ్యాక సరదా మనుషులంతా ఆయన వాకిట్లో కూడి దాన్ని నడిపిద్దామనుకున్నారు. నాకూ కబురు పెట్టారు. బస్సు దిగి నడుస్తూ, ప్యానెళ్ళ కంచె పక్కన ముళ్ళకంపలోంచి రెండు కాయలు కోసుకున్నాను. చక్రం కింద పెట్టడానికి కాదు. వాళ్ళు పెట్టమంటారు, నేను పెట్టనంటాను, ఆయన తరఫున ఎవరో ఒకరు నా మీదికి లేస్తారు. కాసేపైనా ఆ వాదన మళ్ళీ వినాలని ఆశ.

వల్లూరు ప్లాంటులో కాపలా పని చేసే ఆయన తన చిన్న ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, కాయ కోసం చూశాడు. ఇది వట్టి మూఢనమ్మకమని గొంతు పెంచి అన్నాను.

"నిజమే సారూ," అన్నాడతను నెమ్మదిగా. "మీకు ఇట్లాంటివి పడవని మాకు తెలుసు. మేం చేసుకుంటాంలే, మీరు ఆడ కుర్చీలో కూర్చోండి."

ఇంకొకాయన కుర్చీ దులిపి వేశాడు. దిష్టి సంగతి ఎత్తాను. అందరూ తలూపారు. సూర్యుడి మాట కూడా అన్నాను. మర్యాదగా విన్నారు, అంతే.

వాళ్ళు తెచ్చుకున్న కాయ చక్రం కింద నలిగింది. ట్రాలీ వాకిలి దాటింది. ఎవరో గొళ్ళెం తీస్తే తలుపు దబ్బున పడింది. అందరూ ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

తిరుగు బస్సు కోసం నిలబడి ఒక కాయ తిన్నాను. రెండోది ఎవరికివ్వాలో తోచలేదు.