కోడలికి ఇచ్చిన గాలంకట్టె

మగ్గం నేసే ఇంట్లో అమావాస్య అంటే సెలవు. ఆ రోజు ధర్మవరంలో మా వీధిలో ఒక్క మగ్గం చప్పుడు కూడా వినబడదు. చెరువుకు కాలువ నీళ్లు రావడం మొదలయ్యాక ఆ సెలవు మాకు చేపలు పట్టే రోజైంది. చిక్కేమిటంటే, అమావాస్యనాడు మా ఇంట నీచు ముట్టరు. అందుకని పట్టిన చేపల్ని బిందె నీళ్లలో బతికించి తెచ్చి, పెరట్లో సిమెంటు తొట్టిలో వదిలి, మరునాడు పులుసు పెట్టుకుంటాం. అంతవరకు వీధి వీధంతా వచ్చి ఆ తొట్టిలోకి తొంగి చూస్తుంది. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే.

"ఇన్ని చేపలు ఎవురు పట్టినారు?"

"నా కోడలు," అంటాడు మా నాయన.

ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకెక్కదు? నాకు గాలం వేయడం నేర్పింది ఆయనే. ఎర్రను ఎట్లా గుచ్చాలో, జొన్న బెండును దారానికి ఎక్కడ కట్టాలో, మన నీడ నీళ్ల మీద పడకుండా ఎటు కూర్చోవాలో, అన్నీ ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవే. నా భార్య పుట్టింది యాడికి అనే ఊళ్లో. పెళ్లయ్యేదాకా గాలం మొహమే చూడని మనిషి. "ఒకసారి నేనూ వస్తా మామా" అంటూ సరదాకు వచ్చింది. వచ్చి ఆయన ఎడమ పక్కన కూర్చుంది. అంతే, ఆ చోటు మళ్లీ నాది కాలేదు.

చోటుతో పోతే బాగుండేది. మా నాయనకు చూపు మందగించింది. బెండు మునిగిందో తేలిందో కనబడటం లేదని ఆయనకే అర్థమైన రోజున తన గాలంకట్టెను ఇంకొకరికి ఇచ్చేయాలనుకున్నాడు. సన్నటి వెదురు, ఏళ్ల తరబడి ఆముదం పూసి నునుపు చేసుకున్నది. చిన్న చేప ముట్టినా దాని కొన వణుకుతుంది. అది నాకేనని చెయ్యి కూడా చాపాను.

"ఇది అమ్మికి," అన్నాడు కోడలి వైపు తిరిగి.

చాపిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక తల గోక్కున్నాను.

నాకూ రోషముంది. ఫోనులో వీడియోలన్నీ చూసి ఒక ఫైబర్ రాడ్ తెప్పించాను. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే గొట్టాలు, గిర్రున తిరిగే రీలు. కట్ట మీద దాన్ని బారుగా సాచినప్పుడు పదిమందీ చుట్టూ మూగారు. అప్పుడు చూడాలి నా దర్జా. నా భార్య కూడా తాకి చూసి, "బాగుండాది" అంది మనస్ఫూర్తిగా. ఆమెకు పిసరంత కుళ్లు కూడా లేకపోవడం చూసి నాకు ఇంకా కుళ్లు పుట్టింది.

ఆ రాడ్‌తో విసిరితే గాలం నడి చెరువులో పడుతుంది. జిలేబీ చేపలేమో ఒడ్డున, నీట మునిగిన తుమ్మ మొద్దుల దగ్గర తిరుగుతాయి. పైగా అది గడకర్రంత గట్టిది, చేప ముట్టింది కూడా చేతికి తెలియదు. ఇక లాభం లేదని, రాయదుర్గం పోయినప్పుడు మంచి వెదురు ఏరి కొని, కండక్టర్ చేత నానా తిట్లూ తింటూ బస్సులో వేసుకొచ్చాను. దానికీ ఆముదం పట్టించాను. అయినా నా గాలానికి తగిలిన చేప సగం దూరం వచ్చి జారిపోయేది. పక్కన ఆమె బిందె మాత్రం నిండేది. ఆమె ఒక్కొక్కటీ లేపినప్పుడల్లా మా నాయన తొడ చరుచుకుని "శభాష్ అమ్మీ!" అనేవాడు. నాకు ఆ మాట కావాలి. చేపలు కూడా అక్కర్లేదు, ఆయన నోట ఆ ఒక్క మాట చాలు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నా కట్టెలో ఏం తప్పుండాది నాయనా?"

"కట్టెలో ఏమీ లేదురా. నీ చెయ్యి ఇంగా మగ్గంలోనే ఉండాది. బెండు మునిగితే చాలు, నాడె కొట్టేదానికి తాడు గుంజినట్ల గుంజుతాండావు. చేప పెదవి చినగక ఏమైతాది?"

"మరి ఆమె మగ్గం ఇంట్లో మనిషి కాదా?"

"అమ్మి పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతాది. పట్టుపోగు గుంజితే తెగుతాదని ఆ వేళ్లకు తెలుసు."

నిజమే కావచ్చు. కానీ నాడెను అటూ ఇటూ ఉరికించే ఆ తాడు ముందు చిన్నప్పుడే నన్ను కూర్చోబెట్టిందెవరు? ఆ మాట అడగలేదు. ఇంటికొచ్చి కట్టె కొనకు ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్లు వేలాడదీసి, చుక్క ఒలక్కుండా లేపడం మొదలుపెట్టాను. నా భార్య చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పోయిన అమావాస్యనాడు ఎండకు నాయన కునుకు తీస్తున్నాడు. ఎర్రల డబ్బా బండి దగ్గర మరిచామని నా భార్య లేచింది. "కొంచెం చూసుకో" అని తన కట్టె నా చేతిలో పెట్టి పోయింది. నేను ఆమె చోటులో, నాయన ఎడమ పక్కన కూర్చున్నాను. అంతలోనే బెండు మునిగింది. ఊపిరి బిగబట్టి, గ్లాసును లేపినట్టే మెల్లగా లేపాను. అరచేయంత జిలేబీ వచ్చి గట్టు మీద పడి టపటపా కొట్టుకుంది.

ఆ చప్పుడుకు నాయన లేచాడు. "శభాష్ అమ్మీ!"

ఇన్నేళ్లూ కోరుకున్న మాట నా చేపకే వచ్చింది, వచ్చి ఆమె ఖాతాలో పడింది. డబ్బా పట్టుకుని వచ్చిన నా భార్యే చెప్పింది.

"నేను కాదు మామా, మీ కొడుకు పట్టినాడు."

"ఊరుకో అమ్మీ, వానికి యాడ వస్తాది. వాడు బాధపడతాడని చెప్తాండావు." చేపను చేతిలోకి తీసుకుని బొటనవేలితో పెదవి తడిమాడు. "యాడా చినగలేదు. ఇది నీ చెయ్యే."

"నేనే నాయనా!" అని అరిచాను. కట్ట మీద వాళ్లందరూ తిరిగి చూశారు.

"అట్లయితే ఇంగోటి పట్టు. నమ్ముతా."

కొత్త ఎర్ర గుచ్చి వేశాను. ఆయన చెవి నీళ్ల వైపు తిప్పి కూర్చున్నాడు. బెండు కదిలింది, నిలిచింది, బుడుంగున మునిగింది. అంతే, ఒళ్లు మరిచి ఒక్క గుంజు గుంజాను. చేప యాడ పోయిందో పోయింది. ఉత్త గాలం మా తలల మీదుగా సుయ్యిమని వెళ్లి వెనక తుమ్మ కొమ్మకు చుట్టుకుంది.

మా నాయన నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "ఆఁ, ఇదీ! వీడు నా కొడుకే."

ముళ్లు గీరుకుంటూ గాలం విడిపించుకుంటున్నాను. అయినా ఆశ చావలేదు. "మరి ముందు పడింది ఎవురిది నాయనా?" అని అడిగాను.

"అది అమ్మిదేలేరా," అన్నాడు.