వాసన పోయిన ట్యాంకు

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో, గూడేల నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. దాని మురుగునీటి ట్యాంకుకు లోపల లైనింగ్ వేయించింది నేనే. కాంక్రీటును మురుగు తినేయకుండా మందంగా ఎపాక్సీ పూత పూయించడం నా పని. పనిలో నాకు మంచి పేరే ఉంది. ముక్కు మీద కోపం అన్న పేరు అంతకంటే ఎక్కువ.

ఆ వేసవి సెలవుల్లో ట్యాంకు ఖాళీ చేయించి, రెండు రోజులు గాలి ఆడనిచ్చి దిగాం. నాతో ఖమ్మం నుంచి వచ్చిన మేస్త్రీ చాచా ఉన్నాడు. వాళ్లింట్లో తాతల నాటి నుంచీ తాపీ పనే. ఆయన సుత్తితో గోడలన్నీ తట్టుకుంటూ వచ్చి, చివరకు తలెత్తి పైకప్పును తట్టాడు. చప్పుడు గుల్లగా వచ్చింది. ఇసుక రాలి ఆయన గడ్డంలో పడింది.

“నీళ్లున్న కాడ గోడ మంచిగనే ఉన్నది సార్. నీళ్లు తాకని కాడనే తిన్నది. మురుగుల నుంచి లేసే గ్యాసు పైన తడికి అంటుకొని యాసిడ్ అయితది. కప్పుకు గూడ లైనింగ్ వెయ్యాలె.”

ఆ సంగతి నాకు తెలియక కాదు. పాడైన కాంక్రీటు చెక్కి, కొత్తది పోసి, ఆరనిచ్చి పూత పూయాలంటే ఇంకో పదిహేను రోజులు కావాలి. బడి తెరిచే రోజు దగ్గరపడింది. “మనకు చెప్పింది గోడలే. చెప్పిన పని చెయ్యి చాచా” అని కసిరాను. ఆయన గడ్డంలోని ఇసుక దులుపుకుని గోడల పని మొదలుపెట్టాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పని అయ్యాక వార్డెన్ మేడం వచ్చి వాసన సంగతి మొరపెట్టుకుంది. ట్యాంకు వంటగది పక్కనే ఉంది. గాలిగొట్టం నుంచి వచ్చే కుళ్లిన గుడ్ల కంపుకు బడి నడిచినన్నాళ్లూ పిల్లలు ముక్కు మూసుకుని తిన్నారట. నేను ఆ గొట్టానికి బిరడా బిగించి, మూతల కింద రబ్బరు పట్టీలు వేయించాను.

“గ్యాసు బయటికి పోవాలె సార్. లోపటనే ఉంటే కప్పును ఇంకా జల్దీ తింటది” అన్నాడు చాచా. నేను విననట్టే సామాను జీపులో సర్దించాను. మేడం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండం నాకు చాలా నచ్చిందని ఒప్పుకోవాలి.

రెండేళ్ల తర్వాత, పూత ఎలా ఉందో చూడటానికి ఇద్దరం మళ్లీ వెళ్లాం. మధ్యాహ్న భోజనం వేళ. గేటు దాటగానే నా కాళ్లు ఆగిపోయాయి. ట్యాంకు స్లాబు మీద పిల్లలు వరుసలుగా కూర్చుని అన్నం తింటున్నారు. వందమందికి తక్కువ ఉండరు. నడుమ వరుసలో చిన్నపిల్లలు, వాళ్లతోపాటు కంచం పట్టుకుని మేడం.

నన్ను చూసి నవ్వింది. “మీ పుణ్యమాని వాసన లేదు సార్. సాపుగ ఉన్నది, నీడ గూడ ఉన్నది. అప్పటి సంది ఇక్కడనే తింటున్నం.”

చాచా స్లాబు అంచున మోకాళ్ల మీద కూర్చుని, సుత్తి పిడితో మెల్లగా తట్టాడు. ఒకచోట తట్టి, చేయి వెనక్కి తీసుకున్నాడు. అదే గుల్ల చప్పుడు. లేవండని అరవబోయాను. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“అరవకుండ్రి సార్. ఉరుకుతరు. అందరు ఒక్కసారి ఉరికితే నడుమ కూలుతది.”

బుద్ధి తెలిశాక నేను మెల్లగా మాట్లాడింది ఆ రోజే. మేడంను సైగతో అంచుకు పిలిచి, సంగతి చెవిలో చెప్పాను.

“అంతా మంచిగైందని మీరే గదా సార్ అన్నది” అంది ఆమె.

“గోడలకే వేసిన మేడం. కప్పును ఇడిసిపెట్టిన.”

ఆమె మళ్లీ స్లాబు నడుమకే వెళ్లి, చిన్నపిల్లల పక్కన నిలబడింది. “అంచు వరుసోళ్లు లేసి చేతులు కడుక్కోండ్రి. ఉరకొద్దు. తక్కినోళ్లు నేను చెప్పినంక లేవాలె” అంది, రోజూ చెప్పే మాటలాగే.

వరుస తర్వాత వరుస లేచింది. కంచం కంచానికి తగిలినా నా చూపు స్లాబు నడుమకే పోయింది. చివర్లో ఓ చిన్నది పప్పుచారు ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఆ పిల్లను ఎత్తుకుని పరుగెత్తాలనిపించింది, కానీ కదలలేదు. అందరికంటే చివర మేడం దిగింది.

చాచా అంచున ఉన్న మూత తెరిచి, దూరంగా జరిగి గ్యాసు పోయేదాకా ఆగాడు. తర్వాత పొడుగు గడ్డపారను లోపలికి పోనిచ్చి కప్పు అడుగును గీకాడు. తడిసిన అటుకుల్లా కాంక్రీటు ముద్దలు ముద్దలుగా నీళ్లలో పడింది. దాని వెనక ఇనుప చువ్వలు తుప్పుపట్టి పురికొసంత సన్నబడ్డాయి. కింద గోడల మీద నా లైనింగ్ మాత్రం నిగనిగలాడుతోంది.

“ఎప్పటి సంది గిట్ల ఉన్నది?” అని మేడం అడిగింది.

“నేను పని చేసిననాడే గుల్లగ ఉండె. నాకు ఎరుకే” అన్నాను.

ఆమె తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. తిట్టలేదు. కుళాయిల దగ్గర నిలబడ్డ పిల్లల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరి తల మీద చేయి వేస్తూ లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. అయినా మళ్లీ మొదటి పిల్ల దగ్గరికి వెళ్లి లెక్క మొదలుపెట్టింది.