పచ్చ సంచిక మట్టిలో కలిసిన కథ

విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెనకగదిలో తాతయ్య బైండరు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే పరిశోధన పత్రికలను వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి ఒక్క సంపుటం చేయడం ఆయన పని. లోపల ఏముందో ఏనాడూ చదివిన పాపాన పోలేదు. రంగు చూసి గుర్తుపట్టేవాడు: మొక్కల పత్రిక పచ్చది, మట్టి పత్రిక గోధుమరంగుది. తన చేతిలో ముప్ఫై ఏళ్లుగా ఒక్క కాగితం పోలేదని ఇంట్లో వారానికోసారైనా చెప్పేవాడు. కళ్లజోడు మాత్రం రోజూ పోయేది. అది లెక్కలోకి రాదట.

ఒకరోజు ఒక పరిశోధక విద్యార్థిని మొక్కల సంపుటం పట్టుకొచ్చింది. అందులో మూడో సంచిక లేదు. నీళ్లు సరిగ్గానే పోస్తున్నా చిక్కుడు మొలకలు ఎందుకు వడలిపోతున్నాయో తేలక ఆమె మూడేళ్లుగా తల పట్టుకుంది. దాని మీద ఒకే ఒక్క వ్యాసం ఉంది, అది ఆ సంచికలో ఉంది. సిద్ధాంత గ్రంథం ఇవ్వడానికి రెండు వారాలే గడువు.

తాతయ్య ముఖం చిన్నబోయింది. మూడు రోజులు అరలన్నీ గాలించాడు. ఇంట్లో అన్నం కెలికి లేచిపోతుంటే, సంగతేమిటని అడిగి అమ్మమ్మ సంపుటం ఏ ఏడాదిదో చెప్పించుకుంది.

"ఆ ఏడు మీ కంట్లో పొర కదండీ. నా పచ్చ జాకెట్టుని మీ గోధుమరంగు చొక్కా అనుకుని చెయ్యి దూర్చలా?"

తాతయ్య చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాడు.

ఆ ఏటి మట్టి సంపుటం మట్టిశాస్త్రం ముసలి ప్రొఫెసరుగారి దగ్గరుంది. విద్యార్థినిని వెంటబెట్టుకుని వెళ్లి తెరిస్తే, గోధుమరంగు సంచికల మధ్య పచ్చది దర్జాగా కూర్చునుంది. నిండా చీటీలు. ఇది మట్టి పత్రికలోకి ఎలా వచ్చిందో తెలియకపోయినా ప్రొఫెసరుగారు దాన్ని పదిసార్లు చదివారట. మొలకల తప్పేమీ లేదు, వేళ్లకు గాలాడని మట్టే కారణమని చీటీల్లో రాసుకున్నారు. ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నారు. విద్యార్థిని కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు గంటలు లేవలేదు.

తాతయ్య గుమ్మంలో నిలబడి, జేబులోంచి కత్తి తీశాడు. "విప్పి వేరుచేసేస్తానండి. అరగంట పని."

"ఆ కత్తి లోపల పెట్టవయ్యా," అన్నారు ప్రొఫెసరుగారు. "ముప్ఫై ఏళ్లలో నువ్వు చేసిన మంచి పని ఇదొక్కటే."

సిద్ధాంత గ్రంథం గడువుకు ఒకరోజు ముందే చేరింది. మరుసటి ఏడు విద్యార్థినీ ప్రొఫెసరుగారూ కలిసి రాసిన వ్యాసం పచ్చ పత్రికలో అచ్చయింది. ఆఖరి పేజీలో, అట్టడుగున, బైండరుగారికి కృతజ్ఞతలు. తాతయ్య జీవితంలో చదివిన పరిశోధన అదొక్క వరసే, అదీ అమ్మమ్మ కళ్లజోడు వెతికిచ్చాక.

కుట్టిన సంపుటం అంచులు సమంగా కోయడం బైండర్ల పద్ధతి. కత్తి ఆ వరసకు ఎక్కడ తగులుతుందోనని ఆ ఏటి పచ్చ సంపుటాన్ని ఆయన కోయనేలేదు. ఇప్పటికీ అరలో ఆ సంపుటం ఒక్కటే వేలెడు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వచ్చేపోయేవాళ్లు లోపలికి నెడుతుంటారు. అది పోదు.