పచ్చ టిక్కు పడ్డది గదా!

చిన్న హోస్టింగ్ వాళ్లకు బటన్లు నొక్కి పని చేసుకునే కంట్రోల్ ప్యానెల్ కావాలా, కమాండ్లు కొట్టుకుంటే చాలదా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లకు అదొక కాలక్షేపం. చాయ్ తాగుతూ గంటసేపు వాదించుకుని, దులుపుకుని లేచిపోతారు. మా దగ్గర అదే వాదన ఒక పెద్దాయన కొంప ముంచింది.

దబీర్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో, గాజుల దుకాణం పైన మాకొక గది ఉంది. నేనూ మా అన్నా అక్కడ హోస్టింగ్ నడుపుతాం. అంటే పాతబస్తీ దుకాణాల వెబ్‌సైట్లు, మెయిళ్లు మేం అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెట్టి చూసుకుంటాం. మాటలు అన్నవి, పని నాది. నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టి సైట్లు పెట్టేదాన్ని. రోజూ సాయంత్రం అన్ని సైట్లకూ కాపీ తీసి, వేరే చోటున్న ఇంకో మెషీన్‌లోకి పంపే స్క్రిప్టు కూడా రాసి పెట్టుకున్నాను.

మా కస్టమర్లలో ఒక చాచా ఉన్నాడు. హుస్సేనీ ఆలంలో ఆయనది జర్దోజీ కార్ఖానా, పెళ్లి బట్టల మీద జరీ పని. ఆ పనికి ముందు కాగితం మీద పువ్వులు, తీగలు గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని ఖాకా అంటారు. చాచా కార్ఖానాలో ఖాకాలన్నీ ఆయన భార్య గీసినవే. ఆమె పోయాక ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్లొచ్చి, ఆ కాగితాలన్నీ ముద్దయిపోయాయి. నయం, అంతకుముందే సైటు కోసం నేను వాటిని స్కాన్ చేసి పెట్టాను. స్కాన్ చేసిన కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది. అంటే ఆమె చేతి గీతలు ఇక మిగిలింది ఆ సైట్లోనే. రోజూ కార్ఖానా తెరవగానే చాచా ఫోన్‌లో వాటిని ఒకసారి చూసుకునేవాడు.

ఇంతలో అన్నకు ప్యానెల్ పిచ్చి పట్టింది.

"ఏంది నీ నల్ల స్క్రీను? మెయిల్ ఐడీ కావాల్నన్నా నీకే ఫోను, పాస్‌వర్డ్ మర్చిపోయినా నీకే ఫోను. నీకు జెరమొస్తే దుకాణం బంద్ పెట్టాల్నా?" అన్నాడు.

ఆ మాట వరకు నిజమే, నేనూ కాదనలేదు. ప్యానెల్ పెట్టు, ఎవరి మెయిళ్లు వాళ్లే చేసుకుంటారు అన్నాను. కానీ ఆయన అంతటితో ఆగితేగా! బ్యాకప్ కూడా అందులోనే ఉందట, ఇంక నా స్క్రిప్టు దండగట.

"అన్నా, అది కాపీ యాడ పెడ్తదో చూసినవా? గదే సర్వర్ల, ఎవరిది వాళ్ల ఫోల్డర్లనే పెడ్తది. ఇల్లు కాలితే బీరువా గూడ కాలదా?"

"పచ్చ టిక్కు పడ్డది గదా! ఇంక లొల్లి ఎందుకు?" అన్నాడు, కాపీ అయిందని ప్యానెల్ చూపే గుర్తు మీద వేలు పెట్టి. నేను వదల్లేదు. చివరికి విసుక్కుని, "సరే తియ్, నీది గూడ ఉండనియ్" అన్నాడు. నమ్మాను.

ఆ తర్వాత నాకు నిజంగానే కామెర్లు వచ్చి మంచం పట్టాను. నేను లేచేసరికి అన్న అందరినీ ప్యానెల్‌లోకి మార్చేసి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చేశాడు. నేను తిరిగి గదికి వచ్చిన రోజే చాచా మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ.

"బేటీ, పువ్వులు కనిపిస్తలేవు. నా ఫోన్ ఖరాబైందా ఏంది?"

ఫోన్ బాగానే ఉంది. సర్వర్‌లో చూశాను. బొమ్మల ఫోల్డరే లేదు. పాత బ్యాకప్‌లు కూడా లేవు.

"చాచా, పాస్‌వర్డ్ ఎవరికన్నా ఇచ్చిన్రా?"

"పక్క బట్టల దుకాణం సేటుకిచ్చిన. నమాజుకు పోయినప్పుడు షటర్ తాళం గూడ ఆయనకే ఇస్త గదా. నిన్న అండ్ల ఎర్రగ ఏదో వస్తుందంటే, 'నేను సాఫ్ చేస్త భాయ్' అన్నడు."

నాకు అర్థమైపోయింది. ప్యానెల్ తీసే కాపీలు పేరుకుపోయి, సర్వర్‌లో చాచాకిచ్చిన జాగా నిండిపోయింది. ఎర్ర గీత చూసి సేటు పెద్ద పెద్ద ఫైళ్లు తీసేశాడు. అవి బ్యాకప్‌లు. ఇంకా ఎర్రగానే ఉందని పాత బొమ్మలూ తీసేశాడు. పాపం, ఆయన మంచికే చేశాడు. నా నల్ల స్క్రీన్ అయితే దాని జోలికే వచ్చేవాడు కాదు.

పోనీలే, రెండో మెషీన్ ఉందిగా అనుకుని అటు వెళ్లాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. లేదు.

"ఆ రెండో మెషీనా? దాన్ని తీసేయించిన," అన్నాడు అన్న, తల ఎత్తకుండా. "ఊకెనే కిరాయి ఎందుకని."

సర్వర్ అద్దెకిచ్చిన వాళ్లకు ఫోన్ చేశాను. మీ కాపీలు మీరే ఉంచుకోవాలి అన్నారు.

"కస్టమరే తీసేసుకుంటే మనదేం తప్పు? షరతులల్ల రాసిందే గదా," అని అన్న నా చెవిలో గొణిగాడు. పక్కన చాచా లేకపోతే ఆ రోజు మా అన్నని ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు. సొంత అన్నే కావచ్చు, ఆ మాట నేను ఈ రోజుకీ క్షమించలేదు.

ఎలా చెప్పాలో తెలియక ప్యానెల్ తెరిచి స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను. చాచా కళ్లద్దాలు పైకి తోసుకుని, నా భుజం మీదుగా వంగి చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"అగో, పచ్చగనే ఉంది గదా బేటీ! గిది పచ్చగుంటే ఫికర్ లేదని మీ అన్న జెప్పిండు."

ఆ టిక్కు ఆ రోజు తెల్లవారుజామున పడింది. బొమ్మలు పోయాక మిగిలిన ఖాళీ సైటుకు ప్యానెల్ తీసిన కాపీ అది. అన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

చాచా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"పువ్వులు బయటికి తియ్యి బేటీ, నిమ్మళంగ తియ్యి. నాకేం తొందర లేదు," అన్నాడు.