ఇటలీ పథ్యం

పదో తరగతి నన్ను రెండుసార్లు ఎక్కించుకుని రెండుసార్లూ మధ్యలోనే దింపేసింది కాబట్టి, ఆ రోజుల్లో నాకు తెలిసిన లోకమంతా మండపేట రైసుమిల్లూ, మా వీధి చివరి చర్చీనే. మిల్లులో లారీలు వెనక్కి పెట్టేటప్పుడు "రానీ, రానీ, ఆపూ!" అని కేకెయ్యడం నా ఉద్యోగం. మర మోతని దాటి వినబడే గొంతు కనుక నేను గాయకుణ్ణని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. (ఆ వయసులో అన్నీ అలాగే తెలుస్తాయి.) అక్కడి పాటల బృందం, అదే క్వయిర్, నడిపే టీచర్ గారు నాలుగేళ్ళు బతిమాలించుకుని ఈస్టర్‌కి ఒక సోలో, అంటే నేనొక్కణ్ణే పాడే పాట, ఇచ్చారు. "చెడగొట్టావంటే జన్మలో మైకు ఇవ్వను బాబూ" అనే మాట కూడా దాంతోపాటే ఇచ్చారు.

ఆ వారమే ఫోనులో ఒక ఇటలీ ఒపెరా గాయకుడి జీవితకథ చూశాను. ఒపెరా అంటే నాటకమంతా పాడుతూనే ఆడతారట, అదీ మైకు లేకుండా! ఆయన చిన్నప్పుడే బడి మానేసి రేవులో మూటలు మోశాడట. (అంతవరకు అది నా కథే.) తర్వాత పెద్ద పెద్ద హాళ్ళలో పాడి జనాన్ని ఏడిపించాడట. కచేరీకి ముందు మూడు రోజులు మెడకి మఫ్లర్ చుట్టి, ఒక్క మాటా మాట్లాడేవాడు కాదట.

గురువారం పొద్దున్నే మఫ్లర్ చుట్టేశాను, ఏప్రిల్ ఎండలో. లారీలకు విజిల్ ఊదాను. పుట్టినప్పటినుంచీ నా నోరు మూతపడటం చూడని మా అమ్మ బెదిరిపోయింది. "ఏరా, గొంతు పోయిందా?" సంగతంతా చీటీ మీద రాసి చూపించాను. నా దస్తూరీ చూసి చెయ్యి కూడా పడిపోయిందనుకుంది.

ఈస్టర్ ఉదయం చర్చికి వెళ్ళేసరికి జబ్బుపడ్డవాళ్ళ కోసం చదివే ప్రార్థన మనవుల్లో మొదటి పేరు నాదే, అమ్మ రాయించింది. నా పాట కాగితం టీచర్ గారి మేనకోడలి చేతిలో ఉంది. నేను ఇంకా తేరుకోకముందే పాస్టరు గారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, మూగబోయిన ఈ బిడ్డ నోరు తెరువు" అని అందుకున్నారు. మూడు రోజులు దాచుకున్న మిల్లు గొంతు ఒక్కసారిగా గట్టు తెంచుకుంది. "అయ్యగారండీ, నాకేం కాలేదండి! ఆ పాట నాదండి!"

అంతే, "హల్లెలూయా!" అంటూ చర్చంతా లేచి నిలబడింది. ఇద్దరు మామ్మలు ఏడ్చేశారు. (ఇటలీ ఆయన పాడితే గానీ జనం ఏడవలేదు.) "ఈ అద్భుతానికి సాక్ష్యం చెప్పు బాబూ" అని పాస్టరు గారు మైకు ఇచ్చారు. నేను ఇటలీ దాకా వెళ్ళేలోపే చప్పట్లు ముంచేశాయి. ఇంతమంది ఏడ్చాక పాట దేనికన్నట్టు నన్ను కూర్చోబెట్టి, సోలో ఆ పిల్లతోనే పాడించారు. బాగా పాడింది. ఈ మాట ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, దగ్గర కూర్చోబెట్టుకుని మఫ్లర్ విప్పి, గ్లాసుడు మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది.

ఇంటికి వస్తూ దారిలో అమ్మకి నిజం చెప్పాను. "అద్భుతమూ లేదు, ఏమీ లేదమ్మా. నేనే కావాలని నోరు మూసుకున్నాను."

అమ్మ ఆగి, నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు? కావాలని? మూడు రోజులా? మరి అద్భుతమంటే ఏంట్రా!"