మా వదిన పోసిన చౌడు

నంద్యాలలో మా ఇంట్లో కూర్చుని ఒక పెళ్లి జాకెట్‌కు హుక్కులు కుడుతుంటే ఆళ్లగడ్డ నుంచి మా అన్న ఫోన్ చేశాడు.

“నడింటి తలుపు మళ్లీ పట్టుకుంటాంది మే,” అన్నాడు.

తలుపు పట్టుకుంటే వడ్రంగిని పిలవాలి గానీ చెల్లెలికి చెప్పడమేమిటని నాకు నవ్వొచ్చింది. వడ్రంగి అప్పటికే వచ్చి పోయాడట. ఎండాకాలంలో తలుపు పైఅంచుకు చిత్రిక పట్టి సరిచేశాడు. కొన్నాళ్లకే మళ్లీ బిగుసుకుంది. మళ్లీ చిత్రిక పట్టించారు. ఇప్పుడు తలుపు తెరిచినచోటే బిగుసుకుని అసలు కదలడం లేదు. తలుపు పైన గోడలో వేలు దూరేంత బీట కనిపించింది.

“మిద్దె చూపించినా. ఇంజనీరు మొత్తం ఇప్పేసి స్లాబు ఏసుకోమంటాడు. మేస్త్రీ భాయ్ ఒక దూలం మారిస్తే చాలంటాడు. మీ వదిన రెండూ వద్దంటాంది. ఇల్లు ఆమెది, నేనేం మాట్లాడేది? నువ్వొచ్చి ఒక మాట చెప్పు మే.”

మా అన్న ఇల్లరికం పోయినవాడు. ఆళ్లగడ్డలోని ఆ మిద్దె మా వదినకు పుట్టింటి నుంచి వచ్చింది. ముందు గదిలో అన్న పరుపులు కుట్టే అంగడి, మధ్యలో నడిల్లు, వెనక వంటిల్లు. రాతి గోడలు, వాటి మీద అడ్డంగా కట్టె దూలాలు, దూలాల మీద సన్న వాసాల్లాంటి దంతెలు, చెక్కలు, ఆ పైన మట్టి. అన్నిటికంటే పైన చౌడు. ఆ తెల్లటి చౌడు మన్ను తడిస్తే మెత్తగా అతుక్కుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే మా వైపు పాత మిద్దెల మీద వానలకు ముందు ఏటా చౌడు పోస్తారు.

ఆ పని మా వదిన ఎవరికీ అప్పగించేది కాదు. ఊరి బయట నుంచి బండి చౌడు తెప్పించి, గంపలతో నిచ్చెనెక్కి తనే పరిచేది. నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, నీళ్లు పోయే తూము దగ్గర అరచేత్తో నున్నగా మెత్తేది. ఇప్పుడు బయటి ఊళ్లలో హాస్టళ్లలో ఉన్న ఇద్దరు పిల్లల్ని కన్న సంవత్సరాల్లో కూడా మానలేదు. వీధిలో స్లాబు ఇళ్లు కారుతుంటే ఆమె మిద్దె మాత్రం చుక్క కారేది కాదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి.

మరుసటి రోజు నేను బస్సు దిగి ఇంటికి పోయేసరికి వదిన అంగడి మెట్టు మీద కూర్చుని దూది విడదీస్తోంది. నన్ను చూడగానే, “మీయన్న పిలిపించినాడా?” అంది.

“అవును వదినా.”

“దా, పైకి చూడు. యాడన్నా ఒక చుక్క కారిన మరక ఉందేమో చూపించు. కారని మిద్దెకు రిపేరేంది?”

నేను లోపలికి పోయి చూశాను. నిజమే, ఒక్క మరక లేదు. దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటికి పండగ పండగకూ నూనె రాసేది కూడా ఆమే. అయితే నడింటి మధ్యలో కప్పు కొంచెం కిందికి దిగినట్టు కనిపించింది. కనిపించిందో, అన్న మాట విన్నాక నాకు అట్లా అనిపించిందో చెప్పలేను. ఆ కప్పు కిందే వాళ్లిద్దరి మంచం.

ఇంజనీరు మాటను మేమెవరం లెక్క చేయలేదు. అతను స్లాబులు పోయించే కాంట్రాక్టులు కూడా చేస్తాడు. ఇప్పమని చెప్పక ఉంచమని చెబుతాడా అనుకున్నాం. మేస్త్రీ భాయ్ మాట మాకు నచ్చింది. చాలా ఇళ్లకు పనిచేసిన మనిషి. వచ్చి మళ్లీ చూసి, “ఒక్క దూలమే వంగిండాదక్కా. పైన మట్టి కొంచెం తీసి, దాన్ని మార్చి, మళ్లీ మట్టి పోసేస్తాం. ఫికర్ వద్దు,” అన్నాడు.

“చౌడు నాది నాకు మళ్లీ పోయాల. మంచి చౌడది,” అని వదిన షరతు పెట్టింది. అట్లా ఒప్పుకుంది. నేను కూడా అదే మేలనుకుని ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. ఆ నడింట్లోనే, మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. బాగా నిద్ర పట్టింది.

పొద్దున్నే మేస్త్రీ భాయ్ మనుషుల్ని తీసుకుని వచ్చాడు. వాళ్లు మిద్దె ఎక్కి పారలతో తవ్వడం మొదలుపెట్టారు. వదిన వాకిట్లో గోనె పట్టాలు పరిచి, వాళ్లు గంపలతో దించే చౌడును రాళ్లు ఏరి ఒకవైపు కుప్ప పోస్తోంది. పనివాళ్లకు కూడా వంట చేస్తానని పొయ్యి మీద పప్పు పెట్టింది. మధ్య మధ్యలో లోపలికి పోయి చూసి వస్తోంది. ఆ కుప్ప పెరుగుతూనే ఉంది. నేను టీ పోసి ఇస్తూ, ఇంకా అయిపోలేదా అనుకున్నాను.

ఉన్నట్టుండి పైన పారల చప్పుడు ఆగింది.

“అన్నా, ఒకపారి పైకి రా,” అన్నాడు మేస్త్రీ భాయ్.

అన్న నిచ్చెనెక్కాడు. అతని వెనక నేనూ ఎక్కాను. మిద్దె మీద గుంత తవ్వి ఉంది. గుంతలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గుంత లోతు అతని తొడల దాకా ఉంది. ఇంకా చెక్కలు తగల్లేదు.

నేను మొదట అర్థం చేసుకోలేకపోయాను. మిద్దె మీద మట్టి అంటే జానెడో, మూరెడు లోపో ఉంటుందనే నా ఊహ. గుంత పక్క గోడ చూశాను. తెల్లటి పొర, సన్నటి నల్లటి గీత, మళ్లీ తెల్లటి పొర, మళ్లీ గీత. పైనుంచి కింది దాకా అట్లాగే. ఒక్కో పొరా ఒక్కో ఏడు. వదిన పెళ్లయినప్పటి నుంచి ఆమె పోసిన ప్రతి గంపా ఆ మిద్దె మీదే ఉంది.

“ఏమైందప్పా?” అంటూ వదిన కూడా ఎక్కింది. ఆమె గుంత చూసింది, ఆ గీతలు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇదంతా నేను పోసిందేనా?”

మేస్త్రీ భాయ్ గుంతలోని మనిషికి చెయ్యిచ్చి పైకి లాగాడు. “దిగండి, అందరూ దిగండి. ఒక్కొక్కరే. ఎగరొద్దు, మెల్లగా,” అన్నాడు. పైనున్నది మేం చాలామందిమని నాకప్పుడు తట్టింది.

కిందికి దిగాక మేస్త్రీ భాయ్ గడ్డపార తీసుకుని నడింట్లోకి పోయాడు. వద్దన్నా అన్న వెంట పోయాడు. నేను గడప దగ్గర నుంచి చూస్తున్నాను. మేస్త్రీ భాయ్ స్టూలెక్కి, నిగనిగలాడే దూలం గోడలోకి పోయే చోట గడ్డపార మొనతో మెల్లగా పొడిచాడు. గడ్డపార పిండిలోకి దిగినట్టు దిగింది. బయటికి లాగితే దూలంలో నుంచి ధారగా పొడి కారింది. పైన నూనె పట్టిన బెరడు, లోపలంతా చెదలు. ఆ బెరడు మీద మిద్దె నిలబడటమన్నది జరిగే పని కాదు. మరి ఇన్నాళ్లూ దేని మీద నిలబడిందని మేస్త్రీ భాయ్ చుట్టూ చూశాడు. అతని చూపు తలుపు దగ్గర ఆగిపోయింది.

“యా అల్లా,” అన్నాడు. “వాకిలి మీద నిలబడిండాది అన్నా. ద్వారబంధమే మోస్తాండాది.”

గోడ లోపల దూలం కొస విరిగి గోడను తోసి, ఆ బరువంతా ద్వారబంధం మీద కూర్చుందట. అందుకే తలుపు పట్టుకుంది. చిత్రిక పట్టినప్పుడల్లా ఇంకాస్త కిందికి దిగింది. ఆ తలుపును ఊడబెరికి కొత్తది పెట్టిద్దామని అన్న ముందు వారమే అనుకున్నాడు. వడ్రంగికి తీరిక దొరకక ఆగింది.

“బయటికి నడువన్నా!” అని మేస్త్రీ భాయ్ అన్నను భుజం పట్టి తోసుకుంటూ వచ్చాడు. అందరం వీధిలో పడ్డాం. అంగడిలోని దూది మూటలు, కుట్టు మిషను అన్నీ లోపలే ఉన్నాయి. ఎవరూ వాటి వైపు చూడలేదు. నేను వదిన కోసం చూశాను. వదిన లేదు.

“పప్పు మాడతాందని ఎనక్కు పాయనే,” అన్నాడు పనివాళ్లలో ఒకతను.

వంటింటికి ఇంటి పక్క సందులో నుంచి వెనక దారి ఉంది. “వదినా! వదినా బయటికి రా!” అని నేను సందు వైపు అరిచాను. ఇంకోసారి అరవబోయేంతలో లోపల ఏదో పెటిల్లుమంది. తర్వాత వచ్చిన చప్పుడును నేను చప్పుడనలేను. కాళ్ల కింద వీధి కదిలింది. తలుపుల్లో నుంచి, కిటికీల్లో నుంచి తెల్లటి దుమ్ము బయటికి ఉమిసినట్టు వచ్చింది. పక్కనున్న అన్న కూడా కనిపించకుండా పోయాడు. అతను వదినను పిలుస్తున్నాడు, పెళ్లయిన ఇన్నేళ్లలో నేనెప్పుడూ వినని విధంగా ఆమె పేరు పెట్టి పిలుస్తున్నాడు. జవాబు లేదు.

నేను అక్కడే కూలబడ్డాను. ఏడుపు రాలేదు. నా నోట్లో చౌడు రుచి, ఉప్పగా ఉందని అనిపించింది. ఆ సమయంలో మనిషికి అట్లాంటివి ఎందుకు తోస్తాయో తెలియదు.

దుమ్ము పలచబడుతుంటే పక్కింటి వైపు నుంచి ఎవరో నడిచి వచ్చారు. జుట్టు, మొహం, చీర అంతా తెల్లగా ఉంది. చేతిలో కొంగుతో పట్టుకున్న పప్పు గిన్నె. వంటింటి వెనక గోడ దాటి పక్కవాళ్ల దొడ్లో నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. అన్న ఆమె ముందు నిలబడి చేతులు చాపాడు గానీ తాకలేకపోయాడు.

“పప్పులో మట్టి పడిపాయ,” అంది వదిన.

ఆ గిన్నె ఆమె చేతిలో నుంచి తీసుకోవడానికి నేను వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. కాలినా ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం ఎదురింటి అరుగు మీద కూర్చున్నాం. వీధంతా అక్కడే చేరింది. నడిల్లు మొత్తం పడిపోయింది. మంచం ఉన్న చోట మట్టి గుట్ట. నేను చాప వేసుకున్న చోట కూడా. అంగడి, వంటిల్లు నిలబడే ఉన్నాయి గానీ లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. మేస్త్రీ భాయ్ ఒక మూల తల పట్టుకుని, “నేను దూలం మారిస్తే చాలంటినే, నేనంటినే,” అని తనలో తను అనుకుంటున్నాడు.

ఎదురింటి అవ్వ వదినకు నీళ్లిచ్చి, పక్కన కూర్చుంది. ఆ ఇంటి వైపు చూసి అంది: “అంత మట్టి ఎట్ల చేరిందే పాపా? మీయమ్మ ఏటా పాతది గీకి తీసేసి కదా కొత్తది పోస్తాండె.”

వదిన నీళ్ల చెంబు కింద పెట్టింది.

“గీకేదా?”

“గీకకుంటే ఎట్ల? పారతో పైపొర అంతా లాగి, కిందికి తోసి, ఆపైన కదా చౌడు ఎక్కించేది. నీకు చెప్పలేదా?”

వదిన చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి వాళ్లమ్మ మిద్దె మీద చౌడు పరుస్తూ ఉండేదట. ఈమె గంపలు అందించేది. గీకే పని పొద్దున్నే, ఈమె బడిలో ఉన్నప్పుడు అయిపోయేది. ఆమె చూసింది పోయడం ఒక్కటే. పెళ్లినాటికే అమ్మ చనిపోవడంతో, చూసిన పనిని చూసినట్టే చేస్తూ వచ్చింది.

“నాకెవరూ చెప్పలేదవ్వా,” అంది. ఆ మాట చాలాసార్లు అంది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. చుక్క కారలేదన్నది నిజమే. నాకప్పుడు ఆమె మీద జాలి కంటే భయమే ఎక్కువ కలిగింది. అంత శ్రద్ధగా చేసే పనిలో అంత ప్రమాదం పెరుగుతుందని ఎవరికి తడుతుంది?

సాయంత్రం ఇంజనీరు వచ్చాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాట కూడా అనలేదు. అంగడి, వంటిల్లు బయటి నుంచి చూసి, “వీటి మీద కూడా అంతే బరువుంది,” అన్నాడు. అన్న ఇంకా బేరమాడే దారిలోనే ఉన్నాడు. “నడిల్లు ఒకటి స్లాబు ఏసుకుంటాం సార్. అంగడి మీద మట్టి దించేసి, దూలాలు చూసుకుంటే...”

“అంతా తీసేయండి,” అంది వదిన. “నా మిద్దె, నేను చెప్తాండా. ఒక్క కట్టె కూడా ఉంచొద్దు.”



వాళ్లను కోయిలకుంట్ల రోడ్డులో ఒక అద్దె గదిలో చేర్చి నేను నంద్యాల వచ్చేశాను. ఇంటికి రాగానే లోపలికి పోకముందే మెట్లెక్కి మా స్లాబు మీదికి పోయాను. నీళ్ల ట్యాంకు కింద, మూలన, సిమెంటు పెచ్చు లేచి తుప్పు పట్టిన ఇనుప కడ్డీ కనిపించింది. ఆ కడ్డీ చూడగానే మా ఆయన్ను కేకేసిన కేకకు పక్కింటివాళ్లు కూడా పైకి వచ్చారు. తర్వాత ఒక మనిషిని పిలిపించి స్లాబంతా సుత్తితో తట్టించాం. బోలుగా మోగింది ఆ మూల ఒక్కటే. పెచ్చు ఊడగొట్టి, తుప్పు గీకి, మళ్లీ పూస్తే సరిపోతుందన్నాడు. ఇది రిపేరుతో పోయేదేనని అతను ఎన్నిసార్లు చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. పని అయ్యాక కూడా చాలాకాలం నేను రాత్రుళ్లు కప్పు వైపు చూస్తూనే పడుకున్నాను.

ఆళ్లగడ్డలో పాత మిద్దె పూర్తిగా దించారు. ట్రాక్టర్లతో మట్టి తోలుతుంటే వదిన ఆ వీధికే రాలేదట. గోడలు లేచాయి, స్లాబు పడింది. కొత్త ఇంట్లో చేరిన రోజు నేను పోయాను. వదిన అందరికీ అన్నాలు పెట్టింది, నవ్వింది. పడుకునే వేళకు మాత్రం చాప తీసుకుని బయట అరుగు మీదికి పోయింది. చలికాలం వచ్చి ముక్కు కారేదాకా అక్కడే పడుకుందని అన్న చెప్పాడు.

ఆ రోజు భోజనానికి ఇంజనీరు కూడా వచ్చాడు. అతను చెప్పులు వేసుకుంటుంటే వదిన అడ్డం పోయి నిలబడింది.

“సార్, దీని మీద ఏటా ఏం పోయాలో చెప్పొద్దు. ఏం తీయాలో చెప్పు.”

అతను శ్రద్ధగానే చెప్పాడు. వానలకు ముందు ఆకులు, చెత్త తీయాలి. పైపు నోటి దగ్గర మన్ను చేరితే తీయాలి. నీళ్లు యాడన్నా నిలుస్తున్నాయేమో వాన వెలిసినాక చూడాలి. పనికిరాని సామాను ఎక్కించకూడదు.

“మీ ఆయన ఇప్పటికే ఎక్కించినాడే, పాత దూది మూటలు,” అన్నాడు.

వదిన వెనక్కి తిరిగి చూసింది. అన్న చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఆగిపోయింది.

“తిన్నాక దించుతాలే,” అన్నాడు.

“ఇప్పుడు,” అంది వదిన.

అన్న చేయి కడుక్కుని మెట్లెక్కాడు. ఒక్కొక్క మూటా కిందికి పడుతుంటే వదిన వాకిట్లో నిలబడి, అన్నీ దిగేదాకా అక్కడే ఉంది.